ఆ సగం ఎవరిది?

నగర్‌నార్
23 ఫిబ్రవరి 2025, ఆదివారం

వినీతా,

నువ్వు పిల్లను అడ్డం పెట్టుకుని మా తమ్ముడి జీతం తింటున్నావు. మాటను తిప్పి తిప్పి చెప్పడం నాకు రాదు. నా ఇంట్లో మూడేళ్ళున్నావు, ఆ సంగతి నీకు తెలియంది కాదు.

నువ్వూ నాగార్జునా విడిపోయారు, సరే. ఇష్టం లేని కాపురం చెయ్యమని నేను ఏ ఆడదానికీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. నందిని రెండు వారాలు నీ దగ్గర గీదంలో, రెండు వారాలు మా దగ్గర ఇక్కడ ఉండాలని కోర్టులో ఇద్దరూ ఒప్పుకున్నారు. ఫోన్లో మాట్లాడితే అరుపులే, ఆ అరుపులు పిల్ల చెవిన పడుతున్నాయి, కాబట్టి ఏం చెప్పాలన్నా రాసి పిల్ల సంచిలో పెట్టుకోండని ఆ కౌన్సెలింగు మేడమే చెప్పింది. నాగార్జునకు రాత చేతకాదు. అక్కను నేనున్నాను.

ఇప్పుడు చెప్పు. పిల్ల చెరి సగం అయినప్పుడు నెలనెలా ఆరువేలు వాడొక్కడే నీకెందుకు కట్టాలి? వాడి దగ్గరున్న రెండు వారాలు పిల్ల గాలి తిని బతుకుతుందా? పాలు, పండ్లు, దగ్గు మందు, చెప్పులు మాకు ఎవరు కొనిస్తున్నారు? సమానత్వం అంటే ఏందో నాకు చెప్పొద్దు, ఇరవై ఏళ్ళుగా మహిళా సంఘంలో ఉండి దాని కోసం రోడ్ల మీద కూర్చున్నాను. సమానంగా మోస్తే సమానంగానే పెట్టాలి.

ఇంకొకటి. ఈ పొజ్జా ఎవరు? "పొజ్జా మామ నన్ను భుజమ్మీద ఎక్కించుకుని వాగు దాటించిండు" అని పిల్ల వచ్చిన దగ్గర్నుంచీ అదే పాట. అన్నం పెడితే పొజ్జా మామ, చందమామ కనబడితే పొజ్జా మామ. నీ బతుకు నీ ఇష్టం. కాని మా తమ్ముడి డబ్బుతో ఇంకొకడికి కూర వండి పెడుతున్నావంటే ఊరుకునేది లేదు.

సంచిలో దగ్గు మందు పెట్టాను, పడుకునే ముందు ఒక మూత చాలు. దానికి చేదు పడదు, తాగాక బెల్లం ముక్క పెట్టు.

జవాబు కోసం చూస్తుంటాను,
సుమిత్ర


గీదం
9 మార్చి 2025

వదినా,

ముందు మీకు నిద్ర పట్టే మాట చెప్తాను. పొజ్జా మామకు అరవై దాటాయి, ముందు పళ్ళు లేవు. నేను అద్దెకున్న గది ఆయనదే. ఆయన భార్య ముయె అవ్వ నాకు అమ్మ లెక్క. మీ ఉత్తరం చదివి వినిపిస్తే అవ్వ నవ్వి నవ్వి నేల మీద కూలబడింది. "ఈ ముసలోడి మీద అంత నమ్మకం నాకే లేదు, ఆ నగర్‌నార్ అమ్మకు ఎట్ల వచ్చింది?" అంది. ఆ రోజు నుంచి పొజ్జా మామ మీసం దువ్వుకుంటున్నాడు. పుణ్యం మీదే.

ఇక డబ్బు సంగతి. మన నందిని, ఇక్కడందరికీ నందే, మీ దగ్గరున్న రెండు వారాలకు నా గది అద్దె సగమవుతుందా? దాని మంచం, దాని దోమతెర, దాని గిన్నె, అన్నీ ఇక్కడే దాని కోసం ఎదురుచూస్తుంటాయి. మీ తమ్ముడికి వాన పడినా ఎండ కాసినా ఒకటో తారీఖున బ్యాంకులో జీతం పడుతుంది. నాకు పెళ్ళిళ్ళ కాలంలో చేతినిండా కుట్టుపని, తర్వాత ఈగలు తోలుకోవడం. రోజులు సమానం అయినంత మాత్రాన చేతులు సమానం అవుతాయా వదినా? ఒక ఇంట్లో పండ్లు, ఇంకో ఇంట్లో గంజి అయితే పిల్లకు తల్లి ఇల్లంటే ఏమనిపిస్తుంది? ఆ తేడా తగ్గించడానికే ఆ ఆరువేలు. నాకు నగలకు కాదు.

మీ తమ్ముడు వేసిన అర్జీ నకలు వకీలు ఇచ్చాడు. పిల్ల సగం సగం కాబట్టి భరణం ఆపాలట. కోర్టు కాగితం హిందీలో ఉంది కాని, దాని వెనక మాట మీదే. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, ప్రతి దాని చివరా ఒక ప్రశ్న గుచ్చేది ఈ బస్తర్ మొత్తంలో మీరొక్కరే. మొగుడు వదిలేస్తే ఇర్మె మీ సంఘానికి వచ్చినప్పుడు ఆమె భరణం కోసం మీరు అట్లనే రాశారు. ఆ కరపత్రం నా మిషను సొరుగులో ఇప్పటికీ ఉంది. "తల్లి చేతులు ఖాళీగా ఉంటే బిడ్డకు ఇల్లు ఉన్నట్టా?" అని అడిగింది మీరే. ఇర్మెకు ఒక న్యాయం, వినీతకు ఇంకొకటా? ఇర్మె మొగుడు మీ తమ్ముడు కాడు కాబట్టేనా?

పిల్ల నా చేత జడ వేయించుకోవట్లేదు. "అత్త వేసినట్టు వెయ్" అంటుంది. అత్త ఎట్ల వేస్తుందో నాకేం తెలుసు. నాకు ఒళ్ళు మండిపోయింది. రాసుకోండి, సంతోషించండి.

వినీత


నగర్‌నార్
23 మార్చి 2025

వినీతా,

సంతోషించాను. దాచుకోవడం ఎందుకు?

నాలుగు పాయల జడ అది. మూడు పాయలది ఎవరైనా వేస్తారు. ముందు కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి రాయాలి. దాన్ని కూర్చోబెట్టి కథ మొదలుపెట్టాలి, జడ అయ్యేదాకా కథ అవ్వకూడదు. మిషను మీద నుంచి కళ్ళు తియ్యని వాళ్ళకు ఇది కుదరదు.

అర్జీ నేనే రాశాను. సిగ్గేం లేదు. ఇర్మె మొగుడు బిడ్డ ముఖం చూడకుండా మల్కన్‌గిరి పారిపోయినవాడు. నా తమ్ముడు పారిపోలేదు. తన సగం తాను మోస్తున్నాడు. స్నానం చేయిస్తాడు, తినిపిస్తాడు, పడుకోబెడతాడు. మగవాళ్ళు పిల్లల్ని పెంచాలి, పెంచాలి అని గొంతు చించుకున్నది మనమే. తీరా ఒకడు పెంచుతుంటే, అట్లా పెంచినందుకు కూడా భరణం కట్టమంటే ఇంక ఏ మగవాడు పిల్లను ఎత్తుకుంటాడు? దీనికి జవాబు చెప్పు.

నీ ముయె అవ్వ మీద నాకు కోపం లేదు. కాని పిల్లకు నందిని అని పేరు పెట్టింది నేను. అక్కడ అందరూ నందే, నందే అని పిలిచి, ఇక్కడ నందినీ అని పిలిస్తే అది వెనక్కి తిరిగి చూడకుండా చేశారు. నిన్న మూడుసార్లు పిలిచాను. మూడోసారి "ఎవరిని?" అని అడిగింది. నవ్వే మాట కాదు నాకు.

జూన్‌లో ఒకటో తరగతి. బడి మొదలయ్యాక రెండు ఊళ్ళ మధ్య తిప్పడం కుదరదు, పిల్ల ఎక్కడో ఒకచోటే ఉండాలి. ఇక్కడి బడి మంచిది, ఇంటి నుంచి కనబడుతుంది. యూనిఫాం కూడా కొనేశాను. వేసుకుని అద్దం ముందు నుంచి కదలడం లేదు. నీకూ చూపిస్తానని సంచిలో పెట్టుకుంది. చూసి పంపు. పిల్ల ఇక్కడే ఉంటే సెలవుల్లో నీ దగ్గరికి వస్తుంది, ఆరువేల గొడవ కూడా తీరిపోతుంది.

బాగా ఆలోచించు, తొందరేం లేదు. కాని మే దాటనివ్వకు.

సుమిత్ర


గీదం
6 ఏప్రిల్ 2025

వదినా,

నేను దర్జీని. గీదం బజారులో సగం మంది పిల్లలు నేను కుట్టిన యూనిఫాంలోనే బడికి పోతారు. నా బిడ్డకు మీరు రెడీమేడ్ కొన్నారు.

ఆ చొక్కా భుజం దగ్గర రెండు వేళ్ళు ఎక్కువ, చంకలో పట్టేసింది, గుండీలు చెయ్యి తగిలితే రాలేటట్టు ఉన్నాయి. రాత్రి కూర్చుని మొత్తం ఊడదీసి మళ్ళీ కుట్టాను. ఏ బడికని కుట్టానో నాకే తెలియదు. మీరు కొన్న గుడ్డ, నా దారం. ఎవరి యూనిఫాం అయింది ఇప్పుడది?

మీరు మీ తమ్ముడి గురించి రాసింది రెండుసార్లు చదివాను. తర్వాత మన పిల్ల ఆట చూశాను. మీరూ వినండి.

ముయె అవ్వ వరండాలో బొమ్మరిల్లు ఆడుతుంది. గిన్నెలు, ఆకులు, పుల్లలు. ఒక మూల దుప్పటి మడత పెట్టి పెట్టింది. "అదేంది?" అంటే "నాన్న. డ్యూటీ చేసి వచ్చిండు. పండుకున్నడు. చప్పుడు చెయ్యొద్దు" అని నోటి మీద వేలు పెట్టింది. తర్వాత కాలి వేళ్ళ మీద నడుస్తూ ఆడింది. ఆటలో అన్నం వండింది అత్త. స్నానం చేయించింది అత్త. కథ చెప్పింది అత్త. ఆట అయిపోయేదాకా ఆ దుప్పటి లేవలేదు వదినా.

రెండు వారాలకోసారి ఆదివారం మీ తమ్ముడు పిల్లను భుజాన ఎక్కించుకుని గీదం బజారుకు వస్తాడు. అందరూ చూస్తారు. టీ కొట్టు ఆయన "తండ్రంటే ఇట్లుండాలి" అని నా ముందే అన్నాడు. బజారులో కనబడేది ఆ భుజం ఒక్కటే. మిగతా రోజులు ఎవరి నడుం మీద గడుస్తున్నాయో ఇప్పుడు నాకు తెలిసింది.

మా వకీలుకు ఇంకా చెప్పలేదు. చెప్పమంటారా?

మీరు నా నుంచి పిల్లను లాక్కుంటున్నారనుకున్నాను. మీ తమ్ముడి దగ్గర్నుంచి కూడా లాక్కున్నారు, ఆయనకు తెలియనే లేదు.

వినీత


నగర్‌నార్
20 ఏప్రిల్ 2025

వినీతా,

ఇంత దిగజారతావనుకోలేదు.

పోయినసారి పిల్ల సంచి తెరవగానే గుప్పుమంది. అడుగున గుడ్డమూట. ముడి విప్పకుండానే తెలిసింది, సారా కాచే ఇప్పపూలు. మా నాన్న మరైగూడలో రెండెకరాలు ఆ వాసనకే తాగేసి, ఆ వాసనతోనే చచ్చాడు. నాకు పదకొండేళ్ళు. అది నీకు తెలుసు, నేనే చెప్పాను, పెళ్ళైన కొత్తలో నీ తల నా ఒళ్ళో పెట్టుకుని చెప్పాను. నాగార్జున సెలవు రోజున కొంచెం పుచ్చుకుంటాడని కూడా నీకు తెలుసు. "తాగుబోతు ఇంటికి తాగుబోతు పూలు" అని చెప్పదలిస్తే రాసి పంపాల్సింది. పిల్ల చేత మోయిస్తావా?

విప్పలేదు. మూటను మూటలాగే తీసుకుపోయి మురుగుకాల్వలో విసిరేశాను.

పిల్ల చూసింది. ఒక్కసారి అరిచి, తర్వాత రోజంతా ఏడ్చింది. ఎందుకమ్మా అంటే చెప్పదు. అప్పట్నుంచి నా చేత జడ వేయించుకోవట్లేదు. తల చిక్కులు పడి గూడులా అయింది. కథ మొదలుపెడితే చెవులు మూసుకుంటుంది. ఏం నూరిపోశావు దానికి? ఏ మాట చెప్పి పంపావు?

వకీలుకు చెప్పుకో. పోయి చెప్పు. వాడిది షిఫ్టు ఉద్యోగం. స్టీల్ ప్లాంటులో రాత్రంతా నిప్పు దగ్గర పని చేసినవాడు పగలు పడుకోక ఏం చేస్తాడు? ఇంట్లో నేనుంటే చేశాను, తప్పా? ఏడాదైంది నేను జగదల్‌పూర్ మీటింగు గడప తొక్కి. సంఘం వాళ్ళు నా కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టారు. నా కడుపున ఎవరూ పుట్టలేదని నువ్వు రాయలేదు కాని, ప్రతి ఉత్తరంలో ఆ మాట వాసన వస్తూనే ఉంది, ఆ పూలలాగే.

నువ్వు కన్నావు. అది చాలదా నీకు? పూలు కూడా కావాలా?

సుమిత్ర


గీదం
4 మే 2025

వదినా,

ఈ ఉత్తరం కోపంగా రాయాలని కూర్చున్నాను. రాలేదు.

ఆ పూలు నేను పంపలేదు. సంచిలో ఉన్నాయని కూడా నాకు తెలియదు. మీ ఉత్తరం చదివి పిల్లను అడిగితే మీకు చెప్పనిది నాకు చెప్పింది.

ముయె అవ్వ తెల్లారకముందే చెట్టు కిందికి పోతుంది. నందే రోజూ లేచి ఆమె వెంట పడింది. పెద్ద బుట్ట అవ్వది, చిన్న బుట్ట దీనిది. అవ్వ ఒక గుప్పెడు తీసి దీని బుట్టలో వేయబోతే ఒప్పుకోలేదట. "ఇవి నేనే ఏరాలె, అత్తకు" అందట. ఆ అవ్వ ఇప్పపూలను నువ్వులతో వేయించి, దంచి ముద్ద చేసి పెడుతుంది. మన ఇంట్లో ఆ పువ్వు అంటే సారా. వాళ్ళ ఇంట్లో ముందు తిండి. పిల్ల తిన్నది ఆ ముద్దే. సారా సంగతి దానికేం తెలుసు? తీపి దొరికింది, అత్తకు దాచింది.

మూట కట్టిన గుడ్డ చూడలేదా మీరు? ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. అది మీ జాకెట్టు ముక్క, నా పీలికల గంపలో నుంచి వెతికి తీసుకుంది. "ఇది అత్త గుడ్డ" అని. నేను చూశాను, బొమ్మకు చీర కోసమేమో అనుకున్నాను.

ఇంకో మాట. నాకు ఒక్క పువ్వు కూడా ఏరలేదు వదినా. చెట్టు ఇక్కడ, తెల్లారి లేపేది నేను, చేతులు కడిగేది నేను. పూలు నగర్‌నార్‌కు. మీరు కాల్వలో పడేశారని చదివినప్పుడు ముందు నాకు కోపం రాలేదు. చల్లగా అనిపించింది. ఆ తర్వాత పిల్ల తల చూశాను. ఆ చిక్కులు నా చేత కూడా తీయించుకోలేదు.

వకీలుకు దుప్పటి సంగతి చెప్పాను. "ఇంక అనుమానం లేదు. పిల్లను మొత్తం మీకే అడుగుదాం, భరణం కూడా పెంచమందాం" అన్నాడు. నాకు ఆశ పుట్టింది, అబద్ధం ఆడను. అట్లయితే మీ ఇంటికి పిల్ల రావడం ఉండదు. మీ తమ్ముడికి తేడా తెలుస్తుందో లేదో. మీకు తెలుస్తుంది.

నా సగం కూడా పూర్తిగా నాది కాదు. పెళ్ళి బట్టలు మీద పడ్డప్పుడు ముయె అవ్వే తినిపిస్తుంది, ఆమె పక్కలోనే పడుకుంటుంది. అందుకే ఎవరినీ కోర్టులో నిలబెట్టి అవమానించాలని లేదు.

కోర్టులో పేషీ జూన్ మొదటి వారంలో. పిల్ల మీ దగ్గర ఉండే రెండు వారాలు ఎవరివి? మీ అర్జీలో రాసింది వద్దు. జరిగింది రాయండి. నేను మీ ఉత్తరం చూసుకునే వకీలుతో మాట్లాడతాను.

ముయె అవ్వ మిమ్మల్ని అడిగానని చెప్పమంది.

వినీత


నగర్‌నార్
18 మే 2025

వినీతా,

నీ ఉత్తరం అందిన రోజు నాగార్జునను లేపాను. దువ్వెన చేతికిచ్చి "నీ కూతురికి జడ వెయ్" అన్నాను. నిద్ర మత్తులో నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి కూర్చున్నాడు. దువ్వెన కొసల నుంచి కాదు, మాడు నుంచి లాగాడు. పిల్ల కెవ్వుమంది. "నువ్వే వెయ్యక్కా, నాకేం తెలుసు" అన్నాడు. సరే, అది ఏ వైపు తిరిగి పడుకుంటుందో చెప్పు అన్నాను. "తలుపు వైపా?" అన్నాడు. గోడ వైపు. చెయ్యి నా చెవి మీద ఉంటే తప్ప నిద్ర పోదు. నువ్వు అడిగిన ప్రశ్నకు ఇదే నా జవాబు.

ఇరవై ఏళ్ళు నేను ఆడవాళ్ళ చాకిరీకి లెక్క లేదని అరిచాను. అరిచిన గొంతుతోనే నా చాకిరీని నా తమ్ముడి పేరున రాసి, ఆ కాగితంతో నీ నోటి దగ్గరి కూడు లాగబోయాను. వాడి మీద ప్రేమతో అనుకునేవు, కాదు. పిల్ల ఇక్కడ ఉండాలి, అంతే. నువ్వు ఓడితే అది నాది అవుతుందని. నీ మీద అంత మంటగా ఉండేది. ఇప్పటికీ ఉంది, పోలేదు. నువ్వు కుట్టిన ఆ చొక్కా దానికి అతికినట్టుంది, దానికీ మండింది.

పోయిన సంతలో ఒక దోసెడు ఇప్పపూలు కొన్నాను. నువ్వులు వేసి వేయించాను, సగం మాడాయి. పిల్ల ముందు పెట్టి నేను ముందు తిన్నాను. అది వాసన చూసి, ఒకటి నోట్లో వేసుకుని, "ముయె అవ్వ చేసినట్టు లేదు" అంది. తర్వాత వచ్చి నా ముందు వీపు తిప్పి కూర్చుంది. ఆ చిక్కులన్నీ తీసేసరికి మధ్యాహ్నం అయింది. కథ మూడుసార్లు చెప్పాను.

ఈ ఉత్తరం నాగార్జునకు చదివి వినిపించాను. టిఫిన్ డబ్బా తీసుకుని షిఫ్టుకు పోయాడు. అర్జీ వెనక్కి తీసుకుంటాడో లేదో తెలియదు. ఈ ఉత్తరం మీ వకీలుకు చూపించు. పేషీకి నేనూ వస్తున్నాను, నీ వైపు కూర్చుంటాను. పిల్లను పోగొట్టుకుంటానని తెలిసే వస్తున్నాను.

కాని వట్టి చేతులతో రాను. నా అలవాటు నీకు తెలుసు. ఇవి నా డిమాండ్లు. నీకూ వాడికీ కలిపి.

ఒకటి. భరణం ఆపమన్న అర్జీని నాగార్జున వెనక్కి తీసుకోవాలి.

రెండు. నువ్వు అడగకుండానే, జీతం పడ్డ రోజే నీ డబ్బు నీకు పడాలి. పిల్ల ఎక్కడ ఎన్ని రోజులుందన్న వంకతో అది తగ్గకూడదు.

మూడు. పిల్లను గీదం బడిలోనే వెయ్యాలి. యూనిఫాం నువ్వే కుట్టాలి. నేను కొన్నది ఇంట్లో వేసుకుంటుంది.

నాలుగు. సెలవుల్లో తండ్రి దగ్గరికి వస్తే తండ్రే లీవు పెట్టాలి, వండాలి, తల దువ్వాలి. చేతకాకపోతే నేర్చుకోవాలి. నేర్చుకోనంటే ఆ రోజులు కూడా నీవే.

ఐదు. ముయె అవ్వ చేసేదానికి ఆమె వద్దన్నా సరే ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. దాన్ని ప్రేమ అని పిలిచి ఊరుకోవద్దు. నన్ను అట్లనే పిలిచారు.

ఆరు. అత్తగా నాకు కొన్ని రోజులు కావాలి. తమ్ముడి సగంలోంచి కాదు, నీ దయలోంచి కాదు. నా పేరు మీద, కాగితంలో రాసి.

ఏడు. ఆ ఇంట్లో ఏం జరిగిందని ఈ ఇంట్లో నందేను ఎవరూ అడగొద్దు. నేను కూడా.

ఎనిమిది. వచ్చే ఏడాది ఇప్పపూలు రాలేటప్పుడు నన్ను పిలవాలి. తెల్లారకముందే లేపాలి. నా బుట్టలో ఎవరూ ఒక్క పువ్వు కూడా వెయ్యొద్దు, నేనే ఏరుకుంటాను.

సుమిత్ర